కారు జబ్బు మనమే కనిపెడదాం – 4వ పాఠం: మిస్సింగ్ ఏ పార్టుది?

పోయిన పాఠంలో డ్యాష్‌బోర్డు కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కి స్కానర్ తగిలించి కోడ్ చదవడం దాకా వచ్చాం. చాలామంది అక్కడే తొందరపడతారు. ఫోన్‌లో పి0303 అని కనబడగానే ఎవరో ఒకరు ‘కాయిల్ పోయింది’ అంటారు, వెంటనే ప్లగ్‌కి కరెంటు పంపే ఆ కాయిల్‌ని కొత్తది కొనేస్తారు. బాగుపడకపోతే స్పార్క్ ఇచ్చే ప్లగ్గులు మారుస్తారు. ఆ తర్వాత పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్. డబ్బులు పోతాయి, మిస్సింగ్ మాత్రం పోదు. నిజానికి ఆ కోడ్ చెప్పేది ఒక్కటే: మూడో సిలిండర్‌లో పెట్రోల్ సరిగా అంటుకోవడం లేదు. ఎందుకు అంటుకోవడం లేదో అది చెప్పదు, మనమే రాబట్టాలి. ఈరోజు ఆ పని ఒక్క పార్టు కూడా కొనకుండా, బండిలో ఉన్న పార్టులతోనే చేద్దాం. పాఠం పెట్రోల్, సీఎన్‌జీ బండ్లకే. డీజిల్ దారి వేరు.

ఉదాహరణకి 1.2 లీటర్ల, నాలుగు సిలిండర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ తీసుకుందాం. ప్రతి ప్లగ్ మీదా విడిగా ఒక కాయిల్ ఉంటుంది. బండి ఊళ్లో బాగానే తిరుగుతోంది. నలుగురు ఎక్కి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే, మూడో గేర్‌లో యాక్సిలరేటర్ నొక్కినప్పుడల్లా దడదడమని జెర్కులు. రెండో గేర్‌లోకి దించితే తగ్గిపోతున్నాయి. చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది, కోడ్ పి0303.

ముందు లక్షణం సరిగ్గా పట్టుకోవాలి

‘బండి లాగడం లేదు’ అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు జబ్బులు ఉంటాయి. ఒకటి మిస్సింగ్. పల్లకి మోసే నలుగురిలో ఒకరు ఉన్నట్టుండి భుజం తీసేస్తే ఎలా కుదుపొస్తుందో, ఒక సిలిండర్ మండనప్పుడు ఇంజిన్‌లో అలాంటి కుదుపే వస్తుంది. రెండోది పికప్ ఆగడం. యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిన్ ఒక్క క్షణం ఆలోచించి అప్పుడు లాగుతుంది. అందులో కుదుపు ఉండదు, ఆలస్యమే ఉంటుంది. ఈ రెండోదానికి ఎక్కువసార్లు కారణం గాలి, పెట్రోల్ పాళ్లు కుదరకపోవడమే. అది వచ్చే పాఠంలో.

ఒకే సిలిండర్ పూర్తిగా మానేస్తే ఆ కుదుపుకి ఒక లయ ఉంటుంది. ఐడ్లింగ్ 800 ఆర్‌పీఎం అనుకోండి. ప్రతి సిలిండర్ రెండు చుట్లకి ఒకసారి మండుతుంది కాబట్టి నిమిషానికి 400 సార్లు, అంటే సెకనుకి ఆరేడు సార్లు మండాలి. ఆ ఆరేడూ తప్పుతుంటే స్టీరింగ్ ఒకే తీరుగా వణుకుతుంది. సైలెన్సర్ గొట్టం వెనక, ముట్టుకోకుండా, కాస్త దూరంలో అరచేయి పెట్టి చూడండి. గాలి ఒకే ధారగా రాకుండా మధ్యలో తడబడుతూ ఉంటుంది. అలా కాకుండా క్లచ్ వదిలేటప్పుడు మాత్రమే వణికితే ఇంజిన్‌ని అనుమానించకండి, క్లచ్ ప్లేటు, మౌంటింగులు చూడాలి.

ఇంజిన్ కంప్యూటర్‌కి మిస్సింగ్ సంగతి ఎలా తెలుస్తుందో కూడా తెలుసుకోవాలి. సిలిండర్ లోపల మంటని చూసే కన్ను దానికి లేదు. క్రాంక్ షాఫ్ట్‌కి బిగించిన పళ్ల చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో ఒక సెన్సర్ లెక్కపెడుతుంది. సిలిండర్ మండినప్పుడల్లా చక్రం వేగం కొంచెం పెరగాలి. మూడో సిలిండర్ వంతు వచ్చినప్పుడు పెరగకపోతే దాని పేరు రాసుకుంటుంది. అంతే. కాయిల్ చెడినా, ఇంజెక్టర్ మూసుకుపోయినా, వాల్వ్ లీకైనా కంప్యూటర్‌కి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. గుంతల రోడ్డు మీద చక్రాల కుదుపు క్రాంక్ దాకా పాకి లెక్క తప్పించే అవకాశం కూడా ఉంది. అందుకే పరీక్ష నున్నటి రోడ్డు మీదే చేయాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. చెక్ ఇంజిన్ లైట్ నిలకడగా వెలగడం వేరు, ఆరుతూ వెలుగుతూ ఉండటం వేరు. అది మినుకుతుంటే మండని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతోందని అర్థం. లోపలి పింగాణీ జల్లెడ కరిగిపోయేంత వేడి పుడుతుంది. వెంటనే కాలు తీసేసి, వేగం తగ్గించి, బండి పక్కన ఆపండి. అయితే ఎండుగడ్డి మీదా, రోడ్డు మీద ఆరబోసిన పంట మీదా ఆపకండి. కింద ఎర్రగా కాలిన కన్వర్టర్ నిప్పు అంటించగలదు. కన్వర్టర్ ధర ముందు కాయిల్ ధర చాలా చిన్నది.

ఎప్పుడు వస్తోందన్నదే సగం సమాధానం

కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఏ స్థితిలో ఉందో కంప్యూటర్ దాచుకుంటుంది. స్కానర్ యాప్‌లో ‘ఫ్రీజ్ ఫ్రేమ్’ అన్న చోట దొరుకుతుంది. కోడ్ చెరిపితే ఇది కూడా చెరిగిపోతుంది, కాబట్టి ముందే ఫోటో తీసుకోండి. మన ఉదాహరణ బండిలో 1,800 ఆర్‌పీఎం, లోడ్ 82 శాతం, కూలెంట్ 91 డిగ్రీలు అని ఉంది. ఇంజిన్ వేడిగా ఉంది, తక్కువ వేగంలో ఎక్కువ బరువు లాగుతోంది.

ఈ మూడు అంకెలు చాలా చెబుతాయి. బరువు లాగేటప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ ప్లగ్ సందులో స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. బలహీనమైన కాయిల్, అరిగి సందు పెరిగిన ప్లగ్ ఐడ్లింగ్‌లో నెట్టుకొస్తాయి, ఘాట్‌లో చేతులెత్తేస్తాయి. రెండో గేర్‌లోకి దించితే అదే ఎక్కుడికి యాక్సిలరేటర్ తక్కువ నొక్కితే చాలు, ఒత్తిడి తగ్గుతుంది, మిస్సింగ్ ఆగుతుంది. కాబట్టి ఇక్కడ మొదటి అనుమానం కాయిల్, ప్లగ్ మీదే.

సీఎన్‌జీ బండ్లలో ఇది మరీ స్పష్టంగా తెలుస్తుంది. గ్యాస్‌కి పెట్రోల్ కంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. గ్యాస్ మీద జెర్కులిస్తూ పెట్రోల్‌కి మార్చగానే సర్దుకుంటే గ్యాస్ కిట్‌ని తిట్టేముందు ప్లగ్గులు చూడండి.

దీనికి తిరగేసిన కథ కూడా ఉంటుంది. ఐడ్లింగ్‌లో మాత్రమే మిస్సయి, రేస్ ఇస్తే సర్దుకునే బండిలో స్పార్క్ బాగున్నట్టే. గాలి ఎక్కడో దొంగదారిన లోపలికి వస్తోంది, లేదా ఒక వాల్వ్ సరిగా మూసుకోవడం లేదు. పొద్దున మొదటి నిమిషం మాత్రమే మిస్సయి, కూలెంట్ కూడా నెమ్మదిగా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ని (ఇంజిన్ బ్లాకుకీ హెడ్‌కీ మధ్య ఉండే సీలు) అనుమానించాలి. వాటర్ సర్వీసింగ్ చేయించిన రోజే మొదలైతే ప్లగ్ గుంతలో నీళ్లు నిలిచి ఉంటాయి.

పార్టులు అటూ ఇటూ మార్చే పరీక్ష

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. వేడి మీద అల్యూమినియం హెడ్ నుంచి ప్లగ్ విప్పితే త్రెడ్ చెడిపోతుంది, ఆ రిపేరు ఖర్చు మామూలుగా ఉండదు. ఇగ్నిషన్ ఆఫ్ చేసి తాళం జేబులో వేసుకోండి. సిలిండర్ల నంబర్లు చాలా బండ్లలో టైమింగ్ చైన్ లేదా బెల్టు ఉన్న వైపు నుంచి మొదలవుతాయి, అన్నిట్లో కాదు, మీ బండి మాన్యువల్‌లో ఒకసారి సరిచూసుకోండి. కాయిల్స్ మీద మార్కర్‌తో 1, 2, 3, 4 అని రాయండి.

కాయిల్‌కి వైర్లు తగిలించే ప్లాస్టిక్ కప్లర్ లాక్ నొక్కి వదులు చేయండి. పాత బండ్లలో ఆ ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, లాగకూడదు. బోల్టు విప్పాక కాయిల్‌ని కొంచెం ఎడమకీ కుడికీ తిప్పండి. కింది రబ్బరు బూటు ప్లగ్‌ని వదిలిన తర్వాతే పైకి తీయండి. ప్లగ్ విప్పేముందు ఆ గుంతలోకి గాలి కొట్టించడం మరిచిపోవద్దు. అడుగున ఉన్న ఇసుక సిలిండర్‌లో పడితే పిస్టన్ గీసుకుపోతుంది.

ఇప్పుడు మార్చాల్సింది ఇలా. మూడో కాయిల్‌ని ఒకటో సిలిండర్‌కి, ఒకటో కాయిల్‌ని మూడో దానికి పెట్టండి. మూడో ప్లగ్‌ని రెండో సిలిండర్‌కి, రెండో ప్లగ్‌ని మూడో దానికి. ఇంజెక్టర్‌ని కదపకండి. అన్నీ బిగించి, కోడ్ చెరిపి, ఫ్రీజ్ ఫ్రేమ్‌లో చూసిన పరిస్థితినే మళ్లీ కల్పించండి: ఇంజిన్ వేడెక్కాలి, ఎత్తు ఎక్కాలి, మూడో గేర్‌లో 1,800 దగ్గర యాక్సిలరేటర్ గట్టిగా నొక్కాలి. ఖాళీ రోడ్డు మీద చాలా జాగ్రత్తగా చేయండి, ఫోన్ పక్కవాళ్ల చేతిలో ఉండాలి.

ఈసారి పి0301 వస్తే తప్పు కాయిల్‌తో పాటు ఒకటో సిలిండర్‌కి వెళ్లినట్టు. పి0302 వస్తే ప్లగ్‌దే తప్పు. మళ్లీ పి0303 వస్తే ఆ రెండూ నిర్దోషులు. మిగిలింది ఇంజెక్టర్, వైరింగ్, కంప్రెషన్ (పిస్టన్ నొక్కినప్పుడు సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి). ఒక్క డ్రైవ్‌తో ఇన్ని అనుమానాలు తీర్చే పరీక్ష ఇంకొకటి లేదు. దుకాణానికి వెళ్లేముందు దీన్ని చేసి తీరాలని నేను పట్టుబట్టేది అందుకే.

ప్లగ్ తిరిగి పెట్టేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పండి. చిన్న రబ్బరు పైపు ముక్కని ప్లగ్ తలకి తొడిగి తిప్పితే మంచిది. త్రెడ్ వంకరగా పట్టుకుంటే పైపే జారిపోతుంది కానీ హెడ్ పాడవదు. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో, మాన్యువల్‌లో ఉన్న అంకె ప్రకారం చేయాలి.

ప్లగ్ చేతిలో ఉన్నప్పుడు చూడాల్సినవి

మళ్లీ పెట్టేముందు ప్రతి ప్లగ్‌నీ వెలుతురులో తిప్పి చూడండి. కింది కొన లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే ఆరోగ్యం. పొడి నల్లమసి ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది. జిడ్డుగా ఉంటే ఆయిల్ లోపలికి వస్తోంది. తడిగా పెట్రోల్ వాసన కొడితే ఆ సిలిండర్‌కి పెట్రోల్ అందుతోంది, స్పార్క్ అందడం లేదు.

చాలామంది కింది కొన చూసి ఆపేస్తారు. నా దృష్టిలో అసలు చూడాల్సింది పైన ఉన్న తెల్లటి పింగాణీ. పై టెర్మినల్ నుంచి కింద పానా పట్టే ఇనప భాగం దాకా నిలువుగా సన్నని నల్లటి గీత ఉందా? ఉంటే స్పార్క్ సిలిండర్‌లోకి దిగకుండా పింగాణీ పక్కనుంచి జారి ఇంజిన్ బాడీకి దూకుతోంది. కాయిల్ బూటు లోపల టార్చి వేసి చూస్తే దానికి ఎదురుగా రబ్బరు మీద కూడా అలాంటి చారే కనిపిస్తుంది. అక్కడితో రోగం తెలిసిపోయింది, అటూ ఇటూ మార్చే పని కూడా లేదు. ప్లగ్, బూటు రెండూ మార్చాలి. ఒక్క ప్లగ్ మారిస్తే పాత రబ్బరు మీది చార కొత్త ప్లగ్‌ని కూడా త్వరలోనే పాడుచేస్తుంది. చారపడిన ప్లగ్‌ని బాగున్న కాయిల్ కింద పెట్టడం కూడా మంచిది కాదు.

ఈ గీతని ఇంకో మచ్చతో పొరబడకండి. పింగాణీ ఇనప భాగంలోకి దిగే చోట గుండ్రంగా గోధుమ రంగు మరక కొన్ని ప్లగ్గులకి పడుతుంది. ఎక్కువ వోల్టేజీ వల్ల గాలిలోని ఆయిల్ ఆవిరి అక్కడ అంటుకోవడం వల్ల వస్తుంది. దానివల్ల నష్టం లేదు. నిలువు గీత చెడ్డది, అడ్డ మరక కాదు.

ప్లగ్ గుంతలో ఆయిల్ నిలిచి ఉంటే ట్యాపెట్ కవర్ సీళ్లు లీకవుతున్నాయి. ముందు అది ఆపకుండా కొత్త కాయిల్ పెడితే దాని రబ్బరు కూడా ఉబ్బి చెడుతుంది. ఇక ప్లగ్ సందుని ఫీలర్ గేజ్‌తో (మందం రాసి ఉండే సన్నని రేకులు) కొలవాలి. చాలా బండ్లలో 0.7 నుంచి 1.1 మి.మీ. మధ్య ఉంటుంది, మీ బండికి ఎంతో మాన్యువల్‌లో చూడండి. ఇరిడియం ప్లగ్ అయితే సన్నని మధ్య కొన మీద గేజ్ రుద్దకండి, విరుగుతుంది.

కాయిల్‌ని బయటికి తీసి బాడీకి దగ్గరగా పట్టుకుని సెల్ఫ్ కొట్టి స్పార్క్ చూడటం పాత అలవాటు. ఇప్పటి కాయిల్స్‌తో ఆ పని వద్దు. వేల వోల్టులు సరైన దారి దొరక్క కాయిల్‌నో కంప్యూటర్‌నో కాల్చవచ్చు, పైగా చుట్టూ పెట్రోల్ ఆవిరి ఉంటుంది.

కోడ్ మూడు దగ్గరే ఉండిపోతే

ముందు వైర్లు చూడండి. రాత్రి వెచ్చగా ఉండే బానెట్ కింద ఎలుకలు చేరి ఇంజెక్టర్ వైర్లు కొరకడం మన దగ్గర సర్వసాధారణం. కప్లర్‌లో పిన్నులు పచ్చగా తుప్పు పట్టాయేమో కూడా గమనించండి. తర్వాత పొడవైన స్క్రూడ్రైవర్ కొన ఇంజెక్టర్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టండి. తిరిగే బెల్టుకి దూరంగా ఉండండి. నాలుగింటిలోనూ ఒకే రకం టకటక వినిపించాలి. మూడోది మూగగా ఉంటే ఇంజిన్ ఆపి, కప్లర్ తీసి మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ కొలవండి. మామూలు పోర్ట్ ఇంజెక్షన్ బండ్లలో సాధారణంగా 12 నుంచి 16 ఓమ్‌ల మధ్య వస్తుంది. మిగతా మూడింటితో పోలిస్తే తేడా తెలిసిపోతుంది.

అక్కడా తేలకపోతే కంప్రెషన్ చూడాలి. పంపు ఫ్యూజ్, కాయిల్ కప్లర్లు తీసేసి, ప్లగ్గులన్నీ విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి, ఒక్కో సిలిండర్‌కి గేజ్ పెట్టి సెల్ఫ్ కొట్టాలి. ఒక సిలిండర్ మిగతావాటికంటే బాగా తక్కువ చూపిస్తే అందులో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వ్ లేదా గ్యాస్కెట్. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతే వాటి మధ్య గ్యాస్కెట్ తెగిందని అనుమానించండి. ఇక్కడి నుంచి పని గ్యారేజీది. మీరు రాసుకున్న అంకెల కాగితం మెకానిక్ చేతికిచ్చి మాట్లాడండి.

వచ్చే పాఠానికి ఒక చిన్న పని చేసి ఉంచండి. ఇంజిన్ వేడెక్కాక స్కానర్‌లో షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పేవి) అంకెలు ఐడ్లింగ్‌లో ఒకసారి, 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా పట్టుకుని ఇంకోసారి రాసుకోండి. కోడ్ లేకుండా పికప్ ఆగే బండి రోగం ఆ నాలుగు అంకెల నుంచే మొదలుపెడదాం.