ఎరుక సాధన – నాలుగో పాఠం: తెగిన పోగు

గడిచిన మూడు పాఠాల్లో కూర్చునే తీరు, ముక్కు కొసన ఊపిరిని పట్టుకోవడం, కాలి వేళ్ళ నుంచి మాడు దాకా ఒంటిని చూసుకుంటూ రావడం అయ్యాయి. చేసినవాళ్ళందరి నుంచీ ఒకటే ఫిర్యాదు: "కుదరడం లేదండీ, రెండు నిమిషాలకే మనసు ఎటో పోతోంది." పర్లాకిమిడి ఆయనొకరు, కళ్ళు మూసుకున్న మరుక్షణం గుణుపురం బండి టైమే గుర్తొస్తోందని, ఆ బండిలో తను ఎక్కాల్సిన పని ఏమీ లేదని వాపోయారు.

ఈ వారం పాఠం ఆ బండి గురించే.

ముందు మాటల సంగతి చూద్దాం. మన వైపు నిద్ర లేచిన మనిషిని "తెలివొచ్చిందా?" అంటాం. సొమ్మసిల్లి తేరుకున్నవాణ్ణీ అదే అడుగుతాం. ఇక్కడ తెలివి అంటే పరీక్షల్లో మార్కులు తెచ్చే తెలివి కాదు, మెలకువ. ఎరుకకి అది దగ్గర చుట్టం. ఇక పరాకు ఉంది చూశారూ, అది చిత్రమైన మాట. "పరాగ్గా ఉన్నాను, వినలేదు" అంటే ధ్యాస లేదని. నాటకంలో రాజుగారు వస్తున్నప్పుడు కేకేసే "బహుపరాక్" అంటే మాత్రం జాగ్రత్త అని. ధ్యాస తప్పడానికీ, ధ్యాస పెట్టమని చెప్పడానికీ ఒకటే మాట! దీని వెనక ఏ శాస్త్రమైనా ఉందేమో గానీ, నాకు మాత్రం ధ్యానంలో కూర్చున్న ప్రతిసారీ ఇది గుర్తొస్తుంది. పరాకు తెలిసొచ్చిన క్షణమే బహుపరాక్.

మాది ఒడిశాలోని బరంపురంలో మగ్గం ఉన్న ఇల్లు. పన్నెండో ఏట తాత నన్ను గుంట మగ్గంలో కూర్చోబెట్టాడు. పట్టు పడుగు, అంటే మగ్గానికి ఎక్కించిన నిలువు పోగులు. అడ్డపోగుని లాక్కెళ్ళే నాడె అటూ ఇటూ పోతూ ఉంటే నా కళ్ళు దాని వెంటే పరిగెత్తేవి. ఒకరోజు అంత ధ్యాసగా నేస్తున్నాననుకుంటూ జానెడు బట్ట నేసేశాను. తాత వచ్చి బట్ట మీద బొటనవేలు ఆనించి నెమ్మదిగా లాగాడు. ఒకచోట ఆగాడు. వెలుతురుకి పట్టి చూపిస్తే సన్నటి గీత, పొడుగునా. పడుగులో ఒక పోగు తెగింది. నేను చూసుకోలేదు.

"తెగితే తెగింది, పట్టు తెగదేటిరా? తెగిన సంగతి ఎరక్కండా జానెడు నేసీసినావు, అదీ తప్పు" అన్నాడు. ఆ జానెడూ ఊడదీయించాడు. తర్వాత తెగిన కొసలు రెండూ వెతికి, వేళ్ళకి కాస్త బూడిద రాసుకుని, మెలిపెట్టి అతికాడు. తిట్టలేదు. ఆ పోగునీ తిట్టలేదు. ఈ రెండో సంగతి నాకు నలభై ఏళ్ళు దాటాక గానీ అర్థం కాలేదు.

నాడె మీద కళ్ళు పెట్టడం ధ్యాస. పని సాగుతుండగానే ఎక్కడో ఏదో తేడా వచ్చిందని తెలియడం ఎరుక. మంచి నేతగాడికి అది చాలాసార్లు చెవికే ముందు తెలుస్తుంది, మగ్గం చప్పుడులో. ధ్యాస ఎంత బిగించినా ఎరుక రాదు. నేను ఆ రోజు చేసింది అదే.

ఎరుక గురించి బుద్ధుడు చెప్పిన సతిపట్ఠాన సుత్తం, ఆయన బోధల సంపుటాల్లో ఒకటైన మజ్ఝిమనికాయంలో పదోది. దీఘనికాయమనే మరో సంపుటంలో ఇంకాస్త పెద్దదిగా ఇరవై రెండోది. అందులో ఊపిరి గురించి చెప్పేటప్పుడు ఎత్తుకున్న పోలిక ఏ మునిదో కాదు, తరిమెన మీద, అంటే చెక్కని తిప్పుతూ చెక్కే యంత్రం మీద, పనిచేసేవాడిది. పొడుగ్గా తిప్పితే పొడుగ్గా తిప్పుతున్నానని, పొట్టిగా తిప్పితే పొట్టిగా తిప్పుతున్నానని వాడికి తెలుసు. అలాగే ఊపిరి పొడుగైతే పొడుగు, పొట్టిదైతే పొట్టి. దాన్ని సాగదీయమనలేదు. అదే సుత్తంలో మనసు గురించి చెప్పేచోట, చెదిరిన మనసుని చెదిరిన మనసుగా తెలుసుకుంటాడు అని ఉంది. చెదరకూడదు అని లేదు! "సతి" అన్న పాళీ మాట కూడా సంస్కృతంలో స్మృతే. అంటే గుర్తు రావడం. మరుపు లేనివాడికి గుర్తు రావడమనేది ఎక్కడుంది?

2012లో అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయం వాళ్ళు అనుభవమున్న సాధకులను 14 మందిని మెదడు స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, ఊపిరి మీద ధ్యాస పెట్టమన్నారు. మనసు తప్పిపోయిందని తెలిసినప్పుడల్లా ఒక మీట నొక్కమన్నారు. దాన్నిబట్టి ఒక చక్రం గీశారు: తప్పిపోవడం, తెలుసుకోవడం, మళ్ళించడం, నిలవడం, మళ్ళీ తప్పిపోవడం. ఏళ్ళ తరబడి చేసినవాళ్ళకీ మీట నొక్కాల్సి వచ్చింది, మీకూ నాకూ రాదా?

మన దగ్గర మీట లేదు, చింతపిక్కలున్నాయి. ఈ వారం సాధన ఇది.

ఎడమ మోకాలి పక్కన గుప్పెడు చింతపిక్కలు పోసుకోండి. పన్నెండు నిమిషాలకి ఫోన్లో అలారం పెట్టి, ఫోన్ని పక్క గదిలో పడేయండి. ఊపిరి ముక్కు కొసన తగిలేచోట ధ్యాస ఉంచండి. మనసు పోతుంది, పోనివ్వండి. పోయిందని తెలిసిన క్షణం ఒక పిక్క తీసి కుడి పక్కన పెట్టండి. ఎక్కడికి పోయిందో ఒక్క మాటలో అనుకోండి: "బాకీ", "కోపం", "రేపు", "బండి". ఒక్క మాటే. రెండో మాట మొదలుపెడితే కథ అల్లడమే. మళ్ళీ ఊపిరి దగ్గరికి రండి.

చివర్లో కుడి వైపు పిక్కలు లెక్కపెట్టండి. ఎక్కువుంటే సంతోషించండి. మా పిన్ని మొదటి రోజు ముప్పై ఒక్క పిక్కలు చూసుకుని తలపట్టుకుంది. పాపం, అన్నిసార్లు తెలివొచ్చింది ఆమెకి. ఆ పక్కనే కూర్చున్న బాబాయికి మూడే. ఆయన కాసేపు కునికాడని మా అందరికీ వినిపించింది.

ఇందులో రెండు తప్పులు దొర్లుతాయి. మొదటిది, పిక్కల మీదే ఆశ పుట్టి లేని పరాకు కూడా లెక్కేయడం. రెండు రోజుల్లో అదే విసుగొచ్చి పోతుంది, పట్టించుకోకండి. రెండోది గట్టిది. తెలిసిన వెంటనే "ఛీ, మళ్ళీనా" అని మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు. పోగు తెగడం ఒకటైతే ఈ తిట్టు రెండో పోగు తెగడం, పైగా ఇది తెగినట్టు కూడా కనబడదు, సాధనలాగే కనబడుతుంది. తిట్టుకున్నారని తెలిసిందా? దానికీ ఒక పిక్క.

కళ్ళు మూసుకుంటే పాత భయాలు, చేదు జ్ఞాపకాలు ముంచుకొచ్చేవాళ్ళు కళ్ళు తెరిచే చేయండి. తట్టుకోలేనట్టుంటే ఆపేయండి, డాక్టరుతో మాట్లాడండి. దీన్ని పట్టుదలతో గెలవాల్సిన పని లేదు.

మన గంజాం జిల్లాలోనే ఋషికుల్య ఒడ్డున జౌగడ ఉంది. అశోకుడి శాసనాలున్న బండ. కళింగ యుద్ధం గురించి చెప్పే పదమూడోది ఇక్కడ చెక్కించలేదు. దాని బదులు ఈ ప్రాంతానికని వేరే శాసనాలు వేయించాడు. అందులో ఒకటి న్యాయం చెప్పే అధికారులకి రాసింది. మీలో ఇవి ఉండకూడదు అని ఒక జాబితా ఇస్తాడు: ఈర్ష్య, కోపం, కాఠిన్యం, తొందర, అభ్యాసం లేకపోవడం, సోమరితనం, అలసట. ఏడింటిలో తొందరనీ, అభ్యాసం లేకపోవడాన్నీ పక్కపక్కన పెట్టడం నాకు భలే నచ్చింది. ఈ ఏడూ ఒక కాయితం మీద రాసుకుని, ఈ వారం మీ పిక్కలు ఎక్కువగా వేటి ఖాతాలో పడుతున్నాయో చూడండి. నావి తొందర ఖాతాలోనే.

ఆ శాసనాన్ని పుష్యమి నక్షత్రం రోజున చదివి వినిపించాలని కూడా అందులోనే చెక్కించాడు. మనకీ అది పనికొచ్చే మాట. మన పిల్లలకి బళ్ళో ఒడియా, ఇంట్లో తెలుగు. మాట్లాడతారు గానీ ఈ పాఠం చదవలేరు. కళ్ళు మూసుకున్నవాళ్ళు ఎలాగూ చదవలేరు కదా. అందుకని సాధన చెప్పిన పేరా మాత్రం ఒకరు నెమ్మదిగా పైకి చదవండి, మిగతావాళ్ళు కూర్చోండి. చదివినవాళ్ళు అలారం మోగేదాకా లేచి తిరక్కండి, గాజుల చప్పుడుకి కూడా పిక్కలు ఖర్చవుతాయి.

వచ్చే పాఠం మోకాళ్ళ నొప్పి గురించి. దానికి చింతపిక్కలు అక్కర్లేదు, ఒక దిండు చాలు.