తెర నల్లబడి మళ్లీ వస్తోందా? లాగ్‌లో ‘రీసెట్’కు పై వరుసలు చదవండి

లక్షణం: అనంతపురంలో మే నెల మధ్యాహ్నం. పెళ్లి ఆల్బమ్ ఎడిటింగ్ నడుస్తుండగా తెర బిగుసుకుపోతుంది, నల్లబడుతుంది, మళ్లీ వస్తుంది. ఒక్కోసారి మౌస్ బాణం మాత్రమే కదులుతుంది.

గ్రాఫిక్స్ చిప్‌కు (జీపీయూ) ఇచ్చిన పని గడువులోగా పూర్తి కాకపోతే, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవరే చిప్‌ను రీసెట్ చేస్తుంది. విండోస్‌లో ఆ గడువు 2 సెకన్లు. విండోస్ చిట్టా చూపే ఈవెంట్ వ్యూయర్‌లో 4101 నంబరు కనబడుతుంది. నిమిషంలో 5 సార్లు మించితే విండోస్ ఆగిపోయి నీలితెరే. లినక్స్‌లో అయితే మునుపటి బూట్ కెర్నెల్ లాగ్ (సిస్టమ్ రాసుకునే చిట్టా) తీసి, ‘జీపీయూ రీసెట్ బిగిన్’ అన్న వరుసకు పైన ఉన్నది చదవండి. అసలు కారణం అక్కడే ఉంటుంది. ‘పేజ్ ఫాల్ట్’ (తప్పు మెమరీ చిరునామాను తాకడం) ఉంటే ముందు ప్రోగ్రామ్‌నో డ్రైవర్‌నో అనుమానించాలి. ఎన్విడియా కార్డుకు ‘ఎక్స్‌ఐడీ 79’ అనే ఎర్రర్ నంబరు పడితే, కార్డును మదర్‌బోర్డుకు కలిపే దారి (పీసీఐ బస్) మీద నుంచే కార్డు మాయమైందని అర్థం. అప్పుడు కరెంటు, వేడి, స్లాట్ చూడాలి.

తాడిపత్రి పాలిష్ యూనిట్ల దగ్గరి షాపుల్లో రాతిపొడి హీట్‌సింక్ రెక్కల మధ్య అట్టకడుతుంది. బ్లోయర్‌తో అది రాదు. ఫ్యాన్‌ను వేలితో ఆపి పట్టుకుని మెత్తని బ్రష్‌తో గీకాలి. కార్డుకు రెండు పవర్ సాకెట్లుంటే ఒకే వైరును చీల్చి పెట్టకండి, సప్లై నుంచి రెండు వైర్లు లాగండి.

లినక్స్‌లో రీసెట్ అయ్యాక కూడా తెర నల్లగానే ఉంటే చిప్ ఏ తరానిదో చూడాలి. ఏఎమ్‌డీ పోలారిస్, వేగా 10 కార్డులను డ్రైవర్ ‘బాకో’తో రీసెట్ చేస్తుంది: బస్ పని చేస్తూనే ఉంటుంది, చిప్‌కు మాత్రం కరెంటు తీసి మళ్లీ ఇస్తుంది. నావి 21కి ‘మోడ్ 1’, అంటే చిప్ మొత్తం రీసెట్ అవుతుంది. ఇలాంటప్పుడు లాగ్‌లో ‘వీర్యామ్ ఈజ్ లాస్ట్’ (కార్డు మెమరీలోది పోయింది) అని పడుతుంది. చిప్ కోలుకున్నా డెస్క్‌టాప్ బొమ్మలు పోయినట్టే. వేరే మెషీన్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ మీదుగా) లోపలికి వెళ్లి, లాగిన్ తెరను నడిపే డిస్‌ప్లే మేనేజర్‌ను రీస్టార్ట్ చేయండి. రావెన్, రెన్వార్ ఏపీయూల్లో (ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్న ఏఎమ్‌డీ చిప్‌లు) ‘మోడ్ 2’తో గ్రాఫిక్స్ భాగమే రీసెట్ అవుతుంది. ఇంటెల్ కొత్త చిప్‌లలో డ్రైవర్ ముందుగా చిప్‌లో ఇరుక్కున్న భాగాన్ని (ఇంజిన్) మాత్రమే రీసెట్ చేస్తుంది. పాత జీ45 చిప్‌సెట్‌కు ముందటి వాటిలో రీసెట్ డిస్‌ప్లేను కూడా తుడిచేస్తుంది.

ఏఎమ్‌డీ లినక్స్ డ్రైవర్‌లోని ‘రీసెట్ మెథడ్’ విలువను -1 దగ్గరే ఉంచండి, తరాన్ని బట్టి డ్రైవరే ఎంచుకుంటుంది. మార్చి చూడాలంటే గ్రబ్ (బూట్ మెనూ)లో ఒక్క బూట్‌కే మార్చండి.

విండోస్‌లో ఆ 2 సెకన్ల గడువును నిర్ణయించే ‘టీడీఆర్ డిలే’ను 10కి పెంచడం నిజంగా బరువైన రెండర్‌కే పనికొస్తుంది. వేడికి ఆగిన చిప్‌కు గడువు పెంచితే తెర ఇంకా ఎక్కువసేపు బిగుసుకుంటుంది, అంతే.

లినక్స్‌లో ఇంటెల్ ఐ915 డ్రైవర్‌తో హ్యాంగ్ అయితే రీబూట్ చేయకముందే సిస్‌ఎఫ్‌ఎస్ (‘/sys’ ఫోల్డర్)లో కార్డు కింద ఉండే ‘ఎర్రర్’ ఫైలు కాపీ చేసుకోండి. మొదటి హ్యాంగ్ వివరమే అందులో నిలుస్తుంది, రీబూట్‌తో అదీ పోతుంది.