పిపెట్ తక్కువ తీస్తుంటే ముందు లీకు చూడండి
మా ల్యాబ్‌లో 1000 మైక్రోలీటర్ల పిపెట్ (ద్రవాన్ని కొలిచి తీసే పరికరం) ఒకటి, తీసిన నీటిని తూస్తే 980 మిల్లీగ్రాముల దగ్గరే ఆగిపోయేది. 25 డిగ్రీల దగ్గర అంత నీరు 996 దాకా తూగాలి. సరిగ్గా వెయ్యి రాదు, అది లోపం కాదు. క్యాలిబ్రేషన్ స్క్రూ (కొలతను సరిచేసే మర) తిప్పేద్దామన్నారు అందరూ. నేను ముందు టిప్‌ (కొసకి తొడిగే ప్లాస్టిక్ గొట్టం) నిండా నీళ్లు తీసి నిటారుగా పట్టుకున్నాను. 20 సెకన్లలోపే కొసన చుక్క ఊరింది. అంటే గాలి లీకవుతోంది. స్క్రూ తిప్పితే అంకె కుదురుతుందేమో గానీ లీకు పోదు కదా! విప్పితే ఓ-రింగ్ (గాలి పోకుండా ఆపే రబ్బరు వలయం) మీద సన్నని పగులు. కొత్తది వేసి, పిస్టన్‌కి సిలికాన్ గ్రీజు పలచగా రాశాను (ఎక్కువైతే అదో తలనొప్పి). కొత్త టిప్‌ని రెండుమూడుసార్లు నీటితో తడిపి, పిపెట్ల పరీక్షకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8655 చెప్పినట్టు 10 సార్లు తూస్తే సగటు 995 వచ్చింది. పగులుకి కారణం క్లోరోఫామ్ ఆవిరే అనుకుంటాను. ఇప్పుడు క్లోరోఫామ్ తీయడానికి గాజు పిపెట్ వాడుతున్నాం.