ఆఫీసుకి ఖరీదైన వాచీ, నగ, కారు: బయటికి తీసే పద్ధతి

హైదరాబాద్ ఆఫీసుల్లో జీతం రహస్యమని అంటారు కానీ, హోదా, అనుభవం, కంపెనీ పేరు తెలిస్తే మాదాపూర్‌లో టీ తాగుతూ ఎవరైనా మీ జీతాన్ని లక్ష అటూ ఇటూగా లెక్కకట్టేస్తారు. అందుకే మీ చేతికి కొత్త వాచీ కనిపించగానే దాని ధరని మీ జీతంతో భాగించడం మొదలవుతుంది. ఆ లెక్క తెగితే ఎవరూ పట్టించుకోరు. తెగకపోతేనే మాటలు పుడతాయి: మామగారు పెట్టారా, ఊళ్లో పొలం అమ్మారా, ఆఫర్ లెటర్ చేతిలో ఉందా. వస్తువుని దాచుకుని తిరగక్కర్లేదు. ఈ లెక్క తెగేలా చూసుకుంటే చాలు.

ముందు దేన్ని ఎవరు గుర్తుపడతారో చూసుకోండి

అన్ని ఖరీదైన వస్తువులూ ఒకేలా కంటపడవు. కొత్త ఐఫోన్ ఏ మోడలో, ఎంతో టీములో అందరికీ తెలుసు. కెమెరాలు లెక్కపెట్టి చెప్పేస్తారు. కారు కూడా అంతే. ఎక్స్ షోరూమ్ ధర వెతకడానికి నిమిషం పట్టదు, లైఫ్ టాక్స్, ఇన్సూరెన్స్ కలిపి ఆన్‌రోడ్ ఎంతవుతుందో చెప్పే ఒక అన్న ప్రతి ఫ్లోరులోనూ ఉంటాడు. స్విస్ వాచీని గుర్తుపట్టేది పదిమందిలో ఒకరో ఇద్దరో. ఆ ఒకరు మీ మేనేజర్ కావచ్చు. విదేశీ హ్యాండ్‌బ్యాగ్ సంగతి ఇంకా విచిత్రం. నిజమైనదైనా సగంమంది ఫస్ట్ కాపీ అనుకుంటారు, మిగతా సగం అసలు చూడరు. రెండు లక్షలు పెట్టి కొన్నది గుర్తింపు కోసమే అయితే ఆఫీసులో ఆ డబ్బు వృథా.

బంగారం లెక్క వేరు. మన ఇళ్లలో ఐదు తులాల గొలుసు ఆస్తి కిందికి వస్తుంది, అదే ధరకి కొన్న వాచీ మాత్రం షోకు కిందికి. అందుకే గొలుసుని చూసి ‘మంచి పని చేశావు’ అనేవాళ్లే, వాచీని చూసి ‘డబ్బు ఎక్కువైంది’ అంటారు. ఇందులో న్యాయం లేదు, కానీ ఉన్న పద్ధతి ఇదే.

ఒక మోటు కొలత చెప్తాం. మీ టీములో మధ్యస్థంగా సంపాదించేవాళ్ల నెల చేతి జీతాన్ని ప్రమాణంగా తీసుకోండి. మీ జీతాన్ని కాదు. వస్తువు ధర అందులో సగం దాటకపోతే ఏ ఆలోచనా లేకుండా వేసుకెళ్లండి. ఒక నెల జీతం దాకా ఉంటే రెండు మూడు ప్రశ్నలు వస్తాయి, అంతే. మూడు నెలల జీతం దాటితే మాత్రం ఎప్పుడు, ఎలా, ఏమని చెప్పాలి అన్నది ముందే అనుకుని వెళ్లాలి.

రోజు ఎంచుకోవడం

మొదటిరోజు ప్రభావం చాలాకాలం ఉంటుంది. అప్రైజల్‌లో మీ గురించి మీరు రాసుకున్న రోజు నుంచి హైక్ లెటర్ వచ్చేదాకా ఉన్న వారాల్లో పెద్ద వస్తువు బయటికి తీయకండి. మేనేజర్ దగ్గర మొత్తం టీముకి పంచాల్సిన ఒకే బడ్జెట్ ఉంటుంది. దాన్ని అటూ ఇటూ సర్దేటప్పుడు ‘అతనికేం, మొన్నే కారు కొన్నాడు’ అన్న మాట కాగితం మీదికి రాదు కానీ మనసులోకి వస్తుంది. లెటర్ వచ్చిన మర్నాడే తీయడమూ మంచిది కాదు. హైక్ తక్కువ వచ్చిన పక్క సీటువాళ్లకి అది పుండు మీద కారంలా తగులుతుంది. రెండు మూడు వారాలు పోనివ్వండి.

నగలకి మాత్రం హైదరాబాద్ ఆఫీసు క్యాలెండరే దారి చూపిస్తుంది. శ్రావణ శుక్రవారాలు, ఆఫీసులో బతుకమ్మ ఆడే రోజు, దీపావళి ముందటి ఎత్నిక్ డే: ఆ రోజుల్లో పట్టుచీర మీద హారం వేసుకోకపోతేనే అడుగుతారు. కొత్త హారాన్ని మొదటిసారి ఆ రోజే వేసుకోండి. అందరి మెడలోనూ ఏదో ఒకటి మెరుస్తుంటుంది కాబట్టి పోలికలు నవ్వుల్లో కలిసిపోతాయి. ఒకసారి చూసిన నగని మామూలు రోజు మళ్లీ వేసుకున్నా ఎవరికీ కొత్తగా ఉండదు.

ఒక్కసారి ఒక్క కొత్త వస్తువే. కొత్త వాచీ, కొత్త బూట్లు, కొత్త ఫోను ఒకే వారంలో కనిపిస్తే లాటరీ తగిలిందనుకుంటారు, లేదా రాజీనామా చేయబోతున్నారనుకుంటారు.

కారైతే ఇంకో జాగ్రత్త. డెలివరీ తీసుకున్నాక ఆఫీసుకి తెచ్చేముందే మేనేజర్‌కి ఒక్క మాట చెప్పండి: ‘సార్, శనివారం కారు తీసుకున్నాను.’ అంతే. ఏ మోడలో ఆయన అడిగితేనే చెప్పండి. టీములో ఎవరో చెప్తే తెలుసుకోవడం, పార్కింగులో ఎదురుపడటం ఆయనకి నచ్చవు. కారు ఆయన కారుకన్నా పెద్దదైతే లిఫ్టుకి దగ్గరున్న స్లాటు వదిలేసి కింది బేస్‌మెంటులో పెట్టుకోండి. కొన్ని నెలలు పోయాక ఎక్కడ పెట్టినా ఎవరికీ గుర్తుండదు.

ఫ్యాన్సీ నంబరు మోజున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఖైరతాబాద్ ఆర్టీఏలో మంచి నంబర్లకి వేలం లక్షల్లో వెళ్తుంది, ఆ వార్తలు పేపర్లో వస్తాయి. మామూలు నంబరున్న కారు ధరే చూస్తారు. 9999 ఉంటే కారు ధర పక్కన పెట్టి నంబరుకి ఎంత పోశారని అడుగుతారు. పైగా ఆ కారు ఏ రోజు ఎన్నింటికి గేటు దాటిందో సెక్యూరిటీకి కూడా గుర్తుండిపోతుంది. లేటుగా వచ్చే అలవాటున్నవాళ్లకి నప్పదు.

‘ఎంత?’ అని అడిగితే

అడుగుతారు. మనవాళ్లలో ఇది మర్యాద తప్పడం కాదు, పలకరింపులో భాగం. జవాబు ముందే సిద్ధంగా ఉండాలి, చిన్నగా ఉండాలి, నిజమై ఉండాలి. ధర చెప్పడం ఇష్టం లేకపోతే ఎలా వచ్చిందో చెప్పండి. ‘పదేళ్ల పెళ్లిరోజుకి కొనుక్కున్నా మేడమ్.’ ‘మా అన్నయ్య డల్లాస్ నుంచి తెచ్చాడు.’ ‘రెండేళ్లు చిట్టీ కట్టి తీసుకున్నా బ్రో.’ వీటన్నిటిలోకీ బాగా పనిచేసేది ‘ఇంకా నాలుగేళ్ల ఈఎంఐ ఉంది’. అప్పు అందరికీ ఉన్నదే కాబట్టి అడిగినవాళ్లు తమ ఈఎంఐ గురించి మొదలుపెడతారు, మీ కారు సంగతి మర్చిపోతారు. ఈఎంఐ నిజంగా ఉంటేనే అనండి సుమా. కారుని మీ కంపెనీ ద్వారానే లీజుకి తీసుకుని ఉంటే హెచ్ఆర్ దగ్గర కాగితం ఉంటుంది, అబద్ధం బయటపడుతుంది.

అనకూడనివి మూడు. ‘పెద్ద ఎక్కువేం కాదు’ అన్నది అన్నిటికన్నా చెడ్డది. వినేవాళ్లకి అది ఎక్కువే అయినప్పుడు మీరు వాళ్ల జేబుని తక్కువ చేసినట్టు. ధర తగ్గించి చెప్పడం రెండోది. ఫోనులో వెతికి పట్టేసుకుంటారు, ఆ తర్వాత మీరిచ్చే ప్రాజెక్టు ఎస్టిమేట్‌నీ నమ్మరు. మూడోది కట్నం జోకు. ‘మామగారు పెట్టారా?’ అని ఎవరైనా కన్ను గీటితే నవ్వి ఊరుకోకండి, ‘లేదండీ, నేనే కొనుక్కున్నా’ అని అక్కడే తేల్చేయండి. కట్నం తీసుకోవడం 1961 నుంచి చట్టరీత్యా నేరం. నవ్వి వదిలేసిన మాట నలుగురి నోళ్లలో నిజమై తిరుగుతుంది.

తర్వాత వచ్చే ప్రశ్న ‘పార్టీ ఎప్పుడు?’ వాయిదా వేసేకొద్దీ దాని ఖర్చు పెరుగుతుంది. కారు తెచ్చిన రోజే ఇరవైమందికి కిలోన్నర మిఠాయి తెచ్చి పాంట్రీలో పెడితే సంగతి ముగుస్తుంది. డబ్బా మీద మీ పేరు, ‘కొత్త కారు’ అన్న రెండు మాటలు చాలు. హౌస్‌కీపింగ్ వాళ్లకీ, గేటు దగ్గర సెక్యూరిటీకీ విడిగా చిన్న డబ్బాలు ఇవ్వండి. రోజూ మీ కారుని చూసుకునేది వాళ్లే. పాతిక లక్షల కారు కొని సమోసాలతో సరిపెట్టడం, ఐదారు లక్షల కారుకి బార్బెక్యూ బఫే ఇవ్వడం, రెండూ ఎబ్బెట్టే.

మీరే మేనేజరైతే

నియమం ఇంకా కఠినం. టీముకి తక్కువ హైక్ చెప్పిన వారంలో, ఎవరినైనా తీసేసిన నెలలో కొత్తది ఏదీ కనిపించకూడదు. పాత వాచీయే పెట్టుకోండి. వన్ టు వన్ మాట్లాడేటప్పుడు కారు తాళం, ఫోను టేబుల్ మీద పరచకుండా జేబులోనో సొరుగులోనో పెట్టండి. ‘బడ్జెట్ లేదు’ అన్న మాట మీ నోట వస్తున్నప్పుడు ఎదుటివాళ్ల చూపు టేబుల్ మీదే ఉంటుంది.

తెరమీదా, ఫోనులోనూ

వస్తువు ఆఫీసుకి రాకముందే వాట్సాప్ స్టేటస్ వచ్చేస్తుంది. షోరూములో పెద్ద తాళం పట్టుకున్న ఫోటో పెట్టేముందు సెట్టింగ్స్, ప్రైవసీ, స్టేటస్ దగ్గరికి వెళ్లి, కొందర్ని మినహాయించే ఆప్షన్ ఎంచుకుని ఆఫీసు నంబర్లకి టిక్ పెట్టండి. ఈ మార్పు ముందే చేయాలి. అప్పటికే పెట్టిన స్టేటస్‌కి ఇది వర్తించదు. సిక్ లీవు పెట్టిన రోజు డెలివరీ ఫోటో పెట్టడం ఎంతమంది చేస్తారో చెప్తే నమ్మరు. వీడియో కాల్స్‌లో వెనక షాండ్లియర్, బార్ యూనిట్ కనిపిస్తుంటే బ్లర్ పెట్టుకోండి.

వస్తువు పాడవకుండా

మెకానికల్ వాచీకి అసలు శత్రువు గీతలకన్నా అయస్కాంతం. ల్యాప్‌టాప్ మూతలోనూ, ఫోను మాగ్నెటిక్ కవర్లోనూ అయస్కాంతాలుంటాయి. విప్పిన వాచీని వాటి మీద పెట్టకండి. బాగా నడిచేది ఉన్నట్టుండి రోజుకి నిమిషాల కొద్దీ ముందుకి పరుగెడుతుంటే అయస్కాంతం పట్టిందని అనుమానించాలి. రిపేరు షాపులో డీమాగ్నెటైజర్‌తో నిమిషంలో వదిలిస్తారు, దీనికే వాచీ మొత్తం విప్పి ఓవర్‌హాల్ చేయాలని వాళ్లు అంటే మాత్రం ఒప్పుకోకండి. స్టీలు బకిల్ కింద గీతలు పడేది టైప్ చేసేటప్పుడు ల్యాప్‌టాప్ అంచుకి రాసుకునే. డెస్కు దగ్గర విప్పి, మెత్తటి గుడ్డ సంచిలో వేసి సొరుగులో తాళం పెట్టడం మేలు. ఏప్రిల్, మే చెమటకి తోలు పట్టీ వాసన పడుతుంది, ఆ రెండు నెలలూ రబ్బరు పట్టీ మార్చుకోండి.

పత్తర్‌గట్టీలో కొన్న ముత్యాల దండకి సెంటు, శానిటైజర్ తగలకూడదు. అవి మెరుపుని తినేస్తాయి. సెంటు కొట్టుకుని, అది ఆరాక చివరగా దండ వేసుకోవాలి. సాయంత్రం పొడి మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టాలి. తరచూ వేసుకుంటే ఏడాదికోసారి దారం మార్పించండి. 22 క్యారెట్ల బంగారం మెత్తన, కీబోర్డు అంచుకి గాజులు అరుగుతాయి. రోజువారీకి గాజుల బదులు గొలుసు నయం. లేత రంగు తోలు బ్యాగుకి కొత్త జీన్స్ నీలం అంటుకుంటే మళ్లీ పోవడం కష్టం.

ఉంగరాలు ఎక్కువగా పోయేది వాష్‌రూములో, చేతులు కడిగేటప్పుడు తీసి పక్కన పెట్టి. ఆఫీసులో అసలు తీయకండి. లేదా ఇంట్లోనే వదిలి రండి. మెట్రోలో, బండి మీద వెళ్లేటప్పుడు గొలుసు చున్నీ కిందో, కాలరు లోపలో ఉండాలి. ఫోనులో *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ నంబరు, నగ మీది హాల్‌మార్క్ గుర్తింపు కోడ్ అయిన ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ, వాచీ సీరియల్ నంబరు, బిల్లుల ఫోటోలు మెయిల్‌లో దాచుకోండి. ఫోను పోతే పోలీసు ఫిర్యాదుతో కేంద్ర ప్రభుత్వ సీఈఐఆర్ పోర్టల్‌లో బ్లాక్ చేయించవచ్చు. ఇంటి ఇన్సూరెన్సు ఉంటే నగలకి ఇంటి బయట కూడా వర్తించే ‘ఆల్ రిస్క్స్’ కవరు ఉందో లేదో చూడండి. మామూలు పాలసీ గడప దాటాక పనిచేయకపోవచ్చు.

ప్రభుత్వ ఉద్యోగులకి

ఇక్కడ ఈర్ష్యకన్నా కాగితం ముఖ్యం. కేంద్ర ఉద్యోగులకి 1964 నాటి కండక్ట్ రూల్స్‌లో 18వ నిబంధన ఉంది. రెండు నెలల మూలవేతనం మించిన చరాస్తి కొన్నా అమ్మినా నెలలోపు శాఖకి తెలపాలి. తమ పేరు మీద చేసినా, కుటుంబ సభ్యుల పేరు మీద చేసినా ఇంతే. అమ్మేవాళ్లకి మీతో ఆఫీసు పని ఉంటే కొనేముందే అనుమతి కావాలి. రాష్ట్ర ఉద్యోగులకీ, బ్యాంకులకీ వాటి వాటి నిబంధనలున్నాయి, ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో అడిగి పరిమితి ఎంతో తెలుసుకోండి.

కారు ధర 10 లక్షలు దాటితే అమ్మినవాళ్లు 1 శాతం టీసీఎస్ (అమ్మేచోటే వసూలు చేసే ఆదాయపన్ను) వసూలు చేస్తారు. 2025 ఏప్రిల్ 22 నుంచి ఇది 10 లక్షలు దాటిన వాచీలకీ, హ్యాండ్‌బ్యాగులకీ కూడా వచ్చింది. అది మీ పాన్ మీద ఆదాయపన్ను రికార్డులో కనిపిస్తుంది, రిటర్నులో సర్దుకోవచ్చు. అంటే ఆఫీసులో ఎవరికీ చూపించకపోయినా ఆదాయపన్ను శాఖకి తెలుస్తుంది. ఒక కొనుగోలుకి 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం అమ్మేవాళ్లకి నిషిద్ధం కాబట్టి డబ్బు బ్యాంకు ద్వారానే కట్టండి. బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంట్, శాఖకి ఇచ్చిన సమాచార పత్రం మీద స్టాంపు వేయించుకున్న కాపీ: మూడూ ఒకే ఫైల్లో ఉండాలి. ఏసీబీకి ఫిర్యాదు చేయడానికి 1064కి ఫోను చేస్తే చాలు, చేసేది పక్క సీటువాళ్లైనా కావచ్చు. ఆ ఫైలు పూర్తయ్యాకే వస్తువుని ఆఫీసుకి తీసుకెళ్లండి.