కారు కిందికి దించాక వచ్చిన కిర్రు చప్పుడు పోయింది: నా అనుభవం

లోయరింగ్ స్ప్రింగులతో కారుని 35 మి.మీ. దించినప్పటి నుంచీ స్పీడ్ బ్రేకర్ ఎక్కితే చాలు, ముందువైపు కిర్రుమనేది. సస్పెన్షన్ కూడా బిగుసుకుపోయినట్టు ఉండేది. స్టెబిలైజర్ లింకులు మార్చాను, స్ట్రట్ మౌంట్లు విప్పి చూశాను, మిత్రుడితో షాక్ అబ్జార్బర్లు మార్పిడి చేసుకున్నాను. ఏదీ పని చేయలేదు.

అసలు సంగతి లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి చట్రానికి కలిపే కింది చేయి) బుష్‌లలో, అంటే దాని కీలు దగ్గరుండే రబ్బరు తొడుగుల్లో ఉంది. వాటిలోని రబ్బరు లోపలి, బయటి లోహపు గొట్టాలు రెండింటికీ అతుక్కుని ఉంటుంది, తిరగదు, మెలిపడుతుంది. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బోల్టు బిగించేస్తే, బండి నేలకి దిగాక రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది. నేను చేసిన తప్పు అదే.

ముందు చక్రాలు రెండూ ర్యాంపుల మీదికి ఎక్కించి, హ్యాండ్‌బ్రేక్ లాగి, వెనక చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టాను. బరువంతా చక్రాల మీదే ఉండగా ఆర్మ్ లోపలి బోల్టులు వదులు చేశాను. కుడివైపుది వదలగానే బుష్ టక్‌మని సర్దుకుంది, స్పానర్ పట్టుకున్న చేతికి స్పష్టంగా తెలిసింది. బయటికొచ్చి ముందు భాగాన్ని నాలుగైదుసార్లు నొక్కి వదిలాను. ఆ ఎత్తులోనే మాన్యువల్ చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించాను. ఒక్కసారికే వాడే బోల్టులైతే కొత్తవే వేయండి. ఆపైన వీల్ అలైన్‌మెంట్.

మూడు నెలలైంది, మళ్లీ చప్పుడు లేదు. రబ్బరు చిరిగి ఉంటే మాత్రం బుష్ మార్చాల్సిందే. స్లీవ్ (లోపలి గొట్టం) మీద తిరిగే పాలీయూరిథేన్ బుష్‌లైతే కారణం బహుశా వేరే ఉంటుంది.