పాత ఎలక్ట్రిక్ బైక్‌కి పవర్ వచ్చి పోతోందా? విప్పే ముందు ఇవి చూసుకోండి

- తాళం ఆఫ్ చేస్తే సరిపోదు, బ్యాటరీని బయటికి తీసేయండి. తీశాక కూడా మోటారుకి పవర్ పంపే కంట్రోలర్‌ కెపాసిటర్లలో కాస్త ఛార్జ్ మిగిలి ఉంటుంది కాబట్టి పవర్ బటన్ ఒకసారి నొక్కి, కొన్ని నిమిషాలు ఆగి, అప్పుడు చెయ్యి పెట్టండి.
- ఉంగరాలు, వాచీ తీసేయండి.
- బ్యాటరీ ఉబ్బినా, వాడకుండానే వేడెక్కుతున్నా, తేడా వాసన వస్తున్నా విప్పొద్దు, ఛార్జింగ్ అసలే పెట్టొద్దు.
- మల్టీమీటర్ డీసీ వోల్టుల మీదే ఉందా, ఎర్ర వైరు ఆంప్స్ రంధ్రంలో లేదు కదా అని రెండుసార్లు చూడండి. ఆంప్స్ రంధ్రంలో ఉండగా బ్యాటరీకి తగిలిస్తే నేరుగా షార్టే!
- కనెక్టర్లు ఊడదీసే ముందు ఫోటో తీసుకోండి, వైరు పట్టుకుని లాగొద్దు. గతుకుల్లో పవర్ పోతోందంటే నా అనుమానం ముందు వీటి మీదే. పిన్ను నల్లబడిందా, ప్లాస్టిక్ కరిగిందా చూడండి.
- థ్రాటిల్ (యాక్సిలరేటర్) పరీక్షించేటప్పుడు మోటారు చక్రం నేలకు తగలకూడదు.
- బ్యాటరీని కాపాడే సర్క్యూట్ బోర్డు బీఎంఎస్‌ని బైపాస్ చేయమని ఎవరు చెప్పినా వినొద్దు.