రేకుల షెడ్డులో ఎండాకాలం గట్టెక్కాలంటే

తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపు మా షెడ్డు. వెల్డింగ్, కార్పెంటరీ, మోటార్ వైండింగ్ వాళ్లం కలిసి అద్దె కడతాం. మే నెలలో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఏసీ మాట తర్వాత, ముందు పైకప్పు చూడండి. వేడి ఎక్కువగా దిగేది అక్కడినుంచే.

ఉగాదికి ముందే రేకుల మీద తెల్ల సున్నం రెండు పూతలు వేయండి. సున్నం రాత్రంతా నానబెట్టి, గుడ్డతో వడగట్టి, కాస్త ఫెవికాల్ కలపాలి. లేకపోతే చెయ్యి తగిలితే చాలు, పొడి రాలుతుంది. పాత సిమెంటు రేకుల్ని పొడిగా గీకొద్దు, ఆస్బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. తడిపి మెల్లగా కడగండి. వాటి మీద నేరుగా కాలూ పెట్టొద్దు, విరుగుతాయి. చెక్క పలక వేసుకుని నడవాలి. గట్టి వానలు పడితే మళ్లీ పూత తప్పదు, అయినా చవకే.

వేడిగాలి పైకి పోతుంది కాబట్టి కప్పులో దారి ఇవ్వాలి. గాలికి తిరిగే టర్బో వెంటిలేటర్‌కి కరెంటు అక్కర్లేదు. కింద ఎదురెదురు కిటికీలు తెరవండి. పడమటి కిటికీకి తడి గోనెపట్టా కడితే హాయి, కానీ వైండింగ్ బల్ల దగ్గర వద్దు, తేమ పడదు.

వెల్డింగ్ పొద్దున్నే కానిచ్చేయమని మా వెల్డరన్నకి చెప్పాం. ఒప్పించడానికి టీ ఖర్చే ఎక్కువైంది.